నే, కో, సే: అనంతపురం మెట్ట మీద హిందీ విభక్తులు

గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి గుట్టబండల మీద అశోకుడి శాసనాలున్నాయి. లెక్కప్రకారం అది కర్నూలు జిల్లా. గుత్తి వాళ్ళకు మాత్రం పొరుగు సీమే. అక్కడి పద్నాలుగు ప్రధాన శాసనాల్లో మొదటిది, ఈ ధర్మలిపిని దేవతలకు ప్రియుడైన ప్రియదర్శి రాయించాడని మొదలవుతుంది. కాకపోతే ప్రాకృతంలో ఆ వాక్యం కట్టిన తీరు వేరు. రాజు పేరు ‘దేవానంపియేన’ అని తృతీయా విభక్తిలో ఉంది, అంటే ఆయన చేత. క్రియ రాజుతో కలవలేదు, లిపితో కలిసింది. లిపి స్త్రీలింగం గనుక ‘లేఖిత’ కూడా స్త్రీలింగమే అయింది. ఇరవై రెండు వందల ఏళ్ళు దాటాక ఇదే సంగతి హిందీలో చెప్పాలంటే ‘రాజా నే లిపి లిఖ్వాయీ’ అంటాం. రాయించినవాడు మగవాడే, అయినా క్రియ ‘లిఖ్వాయా’ కాదు, ‘లిఖ్వాయీ’.

తెలుగు పిల్లలు హిందీలో మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఈ మలుపులోనే. పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 వస్తేగాని పాసవరు, హిందీకి 20 చాలు. ఆ 20 కూడా రాకుండా చేసే శక్తి ‘నే’కి ఉంది. 1918లో మద్రాసులో మొదలైన హిందీ ప్రచార సభ పరీక్షలు, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, కట్టినవాళ్ళెవరినైనా అడగండి, కష్టపెట్టినవి రెండే అంటారు: లింగాలు, ‘నే’. నిజానికి ఆ రెండూ ఒకే చిక్కు.

నే, కో, సే, మే, పర్, కా. హిందీ నామవాచకం తర్వాత వచ్చి నిలబడే ఈ చిన్న మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఏ పని చేస్తాయి అన్న ప్రశ్న మీద నూట యాభై ఏళ్ళుగా పండితులు రాస్తూనే ఉన్నారు. వాళ్ళ వాదాలను ఒకచోట పెట్టి చూస్తే మూడు వేరువేరు ప్రశ్నలు కలగాపులగం అయిపోయాయని తెలుస్తుంది. మాట రూపం ఎక్కడిది? వాక్యం కట్టు ఎక్కడిది? వాడుక ఎవరి సావాసంతో ఇలా స్థిరపడింది? మొదటి రెండింటి మీద రాసినంత మూడోదాని మీద రాయలేదు. ఆ మూడోదానికి అనంతపురం కంటే మంచి చోటు దొరకడం కష్టం. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ, తండాల్లో లంబాడీ రోజూ ఒకే సంతలో ఎదురుపడే మెట్ట ఇది. 1882లో బళ్ళారి నుంచి విడదీస్తే ఏర్పడిన జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాయదుర్గం బళ్ళారి వైపు నుంచి ఇటు వచ్చింది. మడకశిర, కళ్యాణదుర్గం వైపు ఊళ్ళలో ఏ ఇంట్లో ఏ భాషో గడప దాటి లోపలికి పోతే తప్ప చెప్పలేం.

ముందు తగాదా లేని సంగతులు. సంస్కృతంలో విభక్తి నామంలోనే కరిగి ఉంటుంది: రామః, రామం, రామేణ, రామాయ. ప్రాకృతాల్లో ఆ చివరలు అరిగి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. చతుర్థి పనిని షష్ఠి చేయడం మొదలైంది. బాలవ్యాకరణం (1858) మన కి, కు ప్రత్యయాలను చతుర్థిలో కాక షష్ఠిలో పెట్టిందని చిన్నయసూరిని చూసి నవ్వేవాళ్ళు ఈ ప్రాకృతపు ముచ్చట కూడా గుర్తుంచుకోవాలి. అపభ్రంశం నాటికి చివరలు ఎంతగా అరిగాయంటే, వేరే మాట ఊతం లేకుండా ఎవడు కర్తో ఎవడు కర్మో తేలే పరిస్థితి లేదు. అప్పుడు పక్కన, నడుమ, మీద, కలిసి అనే అర్థాలున్న మామూలు మాటలు నామం వెనక చేరి, అరిగి, చిన్నవయ్యాయి. ‘మధ్యే’ మజ్ఝే అయి, మాహి అయి, చివరికి ‘మే’ అయింది. ‘ఉపరి’ నుంచి ‘పర్’ వచ్చింది. ‘పార్శ్వ’ అంటే పక్క, దాని నుంచి ‘పాస్’. ‘సమ’ నుంచి వ్రజభాష ‘సోఁ’, హిందీ ‘సే’ వచ్చాయన్నది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. ‘కా’ మూలం ‘కృత’ అని కొందరూ, ‘కార్య’ నుంచి వచ్చిన ‘కేర’ అని కొందరూ అంటారు. ఎటుచూసినా అది ఒకప్పుడు విశేషణమే. అందుకే ‘రాజా కా ఘర్’, ‘రాజా కీ బేటీ’ అని తర్వాతి మాట లింగాన్ని బట్టి మారుతుంది. విశేషణానికి ఉన్న బుద్ధి దాన్ని ఇంకా వదల్లేదు. తెలుగులో షష్ఠికి అసలు ప్రత్యయమే అక్కరలేదు, రాజు ఇల్లు, రాజు కూతురు అంటే చాలు. హిందీ పాఠాన్ని తెలుగు చేసేటప్పుడు మాత్రం ప్రతి ‘కా’కూ ఒక ‘యొక్క’ పెట్టే అలవాటు మన బడుల్లో పాతుకుపోయింది. ‘రాముడి యొక్క అన్న యొక్క ఇల్లు’ అని ఏ ఊళ్ళోనూ ఎవరూ అనరు.

‘కో’ దగ్గర అసలు వాదం మొదలవుతుంది. 1856లో రాబర్ట్ కాల్డ్‌వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసినప్పుడు హిందీ ‘కో’నూ, తమిళ తెలుగుల ‘కు’నూ పక్కపక్కన పెట్టి ఇవి చుట్టాలేమో అన్నాడు. ఒడియాలోనూ ‘కు’ ఉంది గనుక ఆ ఆలోచన చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. 1872 నుంచి 1879 దాకా మూడు సంపుటాల్లో ఆర్యభాషల వ్యాకరణం రాసిన జాన్ బీమ్స్ దీన్ని ఒప్పుకోలేదు. ‘కక్ష’, అంటే చంక, పక్క; దాని సప్తమి ‘కక్షే’ నుంచి కాఖ, కహుఁ, కౌఁ, కో అని మెట్లు చూపించాడు. బీమ్స్ పక్షమే గట్టిది. పాత హిందీ రచనల్లో కనిపించే ‘కహుఁ’లోని హకారం ద్రావిడ ‘కు’ నుంచి పుట్టదు. మన ‘కు’ వంశం అన్ని ద్రావిడ భాషల్లోనూ ఉంది, మూలద్రావిడానికే చెందినదని భద్రిరాజు కృష్ణమూర్తి లాంటివాళ్ళు పునర్నిర్మించారు. రెండు వేర్వేరు వేళ్ళ నుంచి మొలిచి ఒకే పోలిక తెచ్చుకున్నాయి. కాల్డ్‌వెల్ మాట మూలం విషయంలో తప్పాడు, అయితే పోలికను గమనించడంలో తప్పలేదు. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఇక ‘నే’. ఎర్రగుడి బండ మీది ‘ఏన’ నుంచే ఈ ‘నే’ పుట్టిందని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. ‘దేవానంపియేన’లో న ఉంది, ‘రాజా నే’లో న ఉంది, పని కూడా ఒకటే, ఇంకేం కావాలి అన్నట్టు. కావలసింది నడుమ మెట్లు. సంస్కృత ‘ఏన’ ప్రాకృత, అపభ్రంశాల్లో అరిగి ‘ఏఁ’గా మిగిలింది. ఆ అరిగిపోయిన చివర నుంచి మళ్ళీ నకారం విడివడి, ప్రత్యేక మాటగా లేచి నిలబడాలంటే ధ్వని నియమాలు ఒప్పుకోవు. అదీగాక పాత హిందీ కవిత్వంలో చాలాకాలం ఈ ‘నే’ దాదాపు లేదు. తులసీదాసు అవధీలో లేదు. నేటి భోజ్‌పురిలోనూ లేదు. పాతదే అయ్యుంటే ఎప్పుడో కనిపించాలి కదా.

రెండో దారి వెతికినవాళ్ళు పడమటి భాషల్లోకి చూశారు. గుజరాతీలో ‘మనే’ అంటే నాకు. మార్వాడీలో ‘మ్హనై’ అంటే నాకు. హరియాణవీలో ‘మన్నే’ అంటే నాకు, నేను అనే రెండర్థాలూ ఉన్నాయి, వాక్యాన్ని బట్టి తెలుసుకోవాలి. అంటే ‘నే’ మొదట కర్తకు పెట్టింది కాదు, ‘కు’ లాంటిది, ఎవరికి అన్నదానికి జవాబు. తర్వాత కర్త మీదికి పాకింది. ‘లగ్న’ నుంచి వచ్చిందని కొందరు అన్నారు. పాత పశ్చిమ రాజస్థానీ మీద 1914 నుంచి 1916 దాకా వ్యాసాలు రాసిన ఇటలీ పండితుడు టెస్సిటోరీ ‘కన్హైఁ’ అనే మాట చూపించాడు. దగ్గర అని దాని అర్థం, ‘కర్ణ’ దాని మూలం. చెవి దగ్గర అన్నది ఉత్త దగ్గర అయి, అందులో ‘క’ కూడా రాలిపోయి ‘నే’ మిగిలిందని ఆయన లెక్క. ఇటీవల మిరియం బట్ ఈ వాదాలన్నీ మళ్ళీ తవ్వి, ‘నే’ పాత తృతీయకు మిగిలిన తునక కాదనీ, చోటును చెప్పే మాటల నుంచి కొత్తగా ఎన్నుకున్నదనీ వాదించింది.

టెస్సిటోరీ మాట వింటే కదిరిలోనో గుత్తిలోనో పుట్టినవాళ్ళ చెవులు నిక్కబొడుచుకోవాలి. ఇక్కడి ముస్లింల ఇళ్ళలో, పెద్దవాళ్ళు తురకమాట అనేదీ పుస్తకాల్లో దక్కనీ అనేదీ అయిన భాషలో, నా దగ్గర డబ్బు లేదు అనడానికి ‘మేరే కనే పైసే నై’ అంటారు. ఢిల్లీ హిందీలో పుస్తకాల నుంచి దాదాపు జారిపోయిన ‘కనే’ దక్కన్‌లో నిక్షేపంగా ఉంది. ‘నే’ పుట్టుకకు తాత అని పండితులు ఊహిస్తున్న మాట, ‘నే’ను సరిగా వాడరని ఉత్తరాది వాళ్ళు ఎగతాళి చేసే భాషలోనే బతికి ఉంది. ‘మై రోటీ ఖాయా’ అంటుంది దక్కనీ. ‘మైనే రోటీ ఖాయీ’ అనదు. ‘వో బక్రీ బేచా’ అంటుంది. 1635లో గోల్కొండలో ముల్లా వజహీ ‘సబ్ రస్’ రాసే నాటికి దక్కనీలో ‘నే’ ఉంది గానీ నిలకడ లేదు, ఉండాల్సిన చోట లేక, ఉండకూడని చోట ఉంటుంది. ఆ నిలకడ లేనితనం మన మెట్టకు వచ్చేసరికి ఒక వైపు ఒరిగింది. కర్తకు ప్రత్యయం లేకపోవడం, క్రియ కర్తతోనే కలవడం తెలుగు, కన్నడ పద్ధతి. ‘నేను రొట్టె తింటిని’, ‘ఆయప్ప మేకను అమ్మినాడు’ అనేవాళ్ళ నడుమ నాలుగు వందల ఏళ్ళు బతికిన భాష, రొట్టె స్త్రీలింగమో పుంలింగమో చూసి క్రియను తిప్పే శ్రమ మానుకుంది. దీన్ని తప్పు హిందీ అనడం నాకు నచ్చదు. అవధీకి, భోజ్‌పురికి అడగని లెక్క దక్కనీకి మాత్రం ఎందుకు?

లంబాడీల సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన వాళ్ళ గోర్ బోలీలో ఆ పడమటి ‘న’ కర్మకూ, ‘ఎవరికి’ అన్నదానికీ ఇంకా పనిచేస్తోంది. జిల్లాలోని ఒక తండా, ఒక మసీదు వీధి కలిసి కూర్చుంటే ‘నే’ చరిత్రలో సగం అధ్యాయాలు అక్కడే వినిపిస్తాయి.

ఇప్పుడు మన తెలుగు వైపు. డు ము వు లు ప్రథమా, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా అని గుక్కతిప్పుకోకుండా వల్లించిన తరాలు ఆ జాబితాలో ఏముందో ఆగి చూసింది తక్కువ. చూస్తే హిందీలో జరిగిందే ఇక్కడా జరిగిందని తెలుస్తుంది. ‘చేత’లో చేయి ఉంది. ‘తోడ’లో తోడు ఉంది. ‘పట్టి’, ‘కూర్చి’, ‘గురించి’ క్రియలు. ‘నుండి’లో ఉండి ఉంది. ‘లోన్’ లోపలే. హిందీ చంకనూ చెవినీ పక్కనూ అరగదీసి విభక్తులు చేసుకుంది, మనం చేతినీ తోడునూ. సంస్కృతం ఎనిమిది గళ్ళ పెట్టె ఇచ్చింది కదా అని కేతన నుంచి చిన్నయసూరి దాకా మన వాళ్ళూ, 1920లో హిందీ వ్యాకరణం రాసిన కామతాప్రసాద్ గురు అటువైపూ, ఈ పుట్టుకలు వేరైన మాటలన్నిటినీ ఆ గళ్ళలోనే సర్దారు. పెట్టె చక్కగానే ఉంది. ఒకే ‘సే’ తృతీయలోనూ పంచమిలోనూ, ఒకే ‘కో’ ద్వితీయలోనూ చతుర్థిలోనూ రెండుసార్లు కూర్చోవలసి వచ్చింది, అంతే.

అనంతపురం మాటలో ఈ పుట్టుక ఇంకా ఆగలేదు. పుస్తకం తెలుగు ‘దగ్గర’ అనే చోట ఇక్కడ మూడు మాటలు వినిపిస్తాయి. ‘గుడి కాడ’ అంటే ఆ చోటు. ‘నా తావ దుడ్డు లేదు’ అంటే నా వద్ద. ‘బళ్ళారి తట్టు’ అంటే ఆ వైపు. తావు అంటే చోటు, అది తెలుగు నామమే. ‘నా తావ’ అన్నప్పుడు దానికి నామం బుద్ధి పోయింది, ‘ఈ తావు బాగుంది’ అన్నప్పుడు ఉంది. మైసూరు వైపు పల్లె కన్నడంలోనూ ‘నన్ తావ’ అంటారు, అర్థం అదే, వాడుక అదే. ‘నా తావ దుడ్డు లేదు’, ‘నన్ తావ దుడ్డిల్లా’, ‘మేరే కనే పైసే నై’: ఒకే అంగట్లో ఒకే అప్పు అడిగినప్పుడు వచ్చే మూడు జవాబులివి. మాటలు వేరు, వరుస ఒకటే. దానికి తోడు ఉర్దూ కచేరీల నుంచి వచ్చిన ‘బాబతు’, ‘బదులు’ కూడా మన దగ్గర విభక్తుల పనిలో దిగాయి. బోరు బాబతు అప్పు, ఎద్దుకు బదులు ట్రాక్టరు. ‘కీ బాబత్’ అని హిందీలో వెనకాలే వచ్చే మాట తెలుగులోనూ నామం వెనకే వచ్చి కూర్చుంది.

అంతమాత్రాన రెండు భాషల వాడుక అంతా ఒకటే అనుకోకూడదు. ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో చూపించని హిందీ వాచకం పిల్లలకు అన్యాయం చేస్తుంది.

కలిసేవి ఎక్కువ. ప్రత్యయం ముందు నామం వంగుతుంది: ఇల్లు ఇంటికి, నోరు నోటికి, చేయి చేతికి, హిందీలో ‘లడ్‌కా’ ‘లడ్‌కే కో’ అవుతుంది. కొలిన్ మసికా 1991లో ఆర్యభాషల మీద రాసిన పుస్తకంలో ఈ పొరలను విడదీసి చూపాడు. ముందు నామం వంగడం, తర్వాత చిన్న మాట, ఆ తర్వాత ‘కే పాస్’, ‘కే లియే’ లాంటి పెద్ద మాట. మన ఔపవిభక్తికం (ఇంటి, నోటి లాంటి వంగిన రూపం), ప్రత్యయం, ‘ఇంటి తావ’ సరిగ్గా ఆ మూడు పొరలే. ప్రత్యయం మీద ప్రత్యయం వేయడమూ రెండు చోట్లా ఉంది: ‘మే సే’ అంటే లోనుంచి.

కర్మ దగ్గర పోలిక మరీ గట్టిది. ‘రాముణ్ణి పిలిచినారు’, ‘రామ్ కో బులాయా’. ‘బావి తవ్వినారు’, ‘కుఆఁ ఖోదా’. ప్రాణం ఉన్నవాడికి ని, కో తప్పవు, బావికి అక్కరలేదు. ‘బోరు ఏసినాడు’ అంటారు, ‘బోరును ఏసినాడు’ అని అనంతపురంలో ఎవరైనా అంటే పత్రికాఫీసు నుంచి వచ్చాడనుకుంటారు. ఎద్దు దగ్గర రెండూ కుదురుతాయి. ఎద్దులు అమ్మినాడు అంటే సంగతి చెప్పడం, ఎద్దును అమ్మినాడు అంటే మనకు తెలిసిన ఆ ఎద్దును. హిందీలోనూ ‘బైల్ బేచే’, ‘బైల్ కో బేచా’ నడుమ తేడా అదే. ఇది మనకు కొత్త కాదు. క్రీ.శ. 575 ప్రాంతంలోదిగా లెక్కించే కలమళ్ళ శాసనం, కడప జిల్లాలో రేనాటి చోళుల ధనంజయుడు వేయించింది, తెలుగులో తొలి శాసనంగా చెప్పుకునేది, ‘రేనాండు ఏళన్’ అంటుంది. రేనాడును ఏలుతుండగా అని అర్థం. నాడు ప్రాణి కాదు, ‘ను’ లేదు. అదే శాసనంలో చిఱుంబూరు ‘చిఱుంబూరి’ అయింది, ఊరు ఊరిగా వంగినట్టే.

అనుభవం చెప్పే వాక్యాలు ఇంకో పెద్ద కలయిక. ‘నాకు దప్పికైతాంది’, ‘ముఝే ప్యాస్ లగీ హై’. ‘నాకు జొరమొచ్చింది’, ‘ముఝే బుఖార్ హై’. ‘రైతుకు వాన కావల్ల’, ‘కిసాన్ కో బారిశ్ చాహియే’. దప్పిక, జ్వరం, కోపం, జ్ఞాపకం, ఇష్టం ఇవన్నీ మనిషికి వస్తాయి, మనిషి వాటిని చేయడు. సంస్కృతంలో దప్పికైనవాడు ప్రథమలోనే ఉంటాడు, ‘తృషితోఽస్మి’ అంటాడు. రుచించేది ఎవరికో వాడికి మాత్రం చతుర్థి వేయమని పాణిని సూత్రం (1.4.33) ఉంది గనుక విత్తనం అక్కడ లేకపోలేదు. అయితే ఆ ఒక్క విత్తనం హిందీలో ఇంత చేనుగా పెరగడానికి నేల ఎవరిది? ఎమెనో 1956లో ‘భారతదేశం ఒక భాషా ప్రాంతం’ అన్న వ్యాసంతో ఈ తరహా ప్రశ్నలకు దారి తెరిచాడు. మసికా 1976 పుస్తకంలో ఆ లక్షణాలను పటాల మీద గీశాడు. భాషలు పుట్టిన ఇల్లు కన్నా కాపురం ఉన్న వీధే వాక్యాన్ని ఎక్కువ దిద్దుతుందన్నది వాళ్ళిద్దరి నుంచి మనకు దక్కే సారం. కాల్డ్‌వెల్ గమనించిన పోలికకు సరైన వివరణ ఇక్కడుంది. ‘కో’, ‘కు’ రక్తసంబంధీకులు కావు, ఒకే పని ఒకే తీరున చేయడం నేర్చుకున్న ఇరుగుపొరుగులు.

గంపెర్జ్, విల్సన్ 1971లో మహారాష్ట్రలో సాంగ్లీ వైపు కుప్వాడ అనే ఊరిని చూపించారు. అక్కడ మరాఠీ, ఉర్దూ, కన్నడం మాట్లాడేవాళ్ళు తమ తమ మాటలు విడిచిపెట్టకుండానే వాక్యం కట్టును దాదాపు ఒకటి చేసుకున్నారు. ఒకదాని నుంచి ఇంకోదానికి పోవాలంటే మాట తీసి మాట పెడితే చాలన్నంత దగ్గరయ్యాయి. తెలుగుతో దక్కనీ ఎలా సర్దుకుందో హర్బీర్ అరోరా, కె.వి. సుబ్బారావు వివరంగా పరిశీలించారు. అనంతపురంలో పుట్టినవాడికి అవన్నీ ఇంట్లో విన్న సంగతులే. ‘మేరే కు దో బచ్చే హై’ అంటుంది దక్కనీ, నాకు ఇద్దరు పిల్లలు అన్నట్టుగా. ఢిల్లీ హిందీ ఇక్కడ ‘కో’ను ఒప్పుకోదు, ‘మేరే దో బచ్చే హై’ అనాలి. ‘అనంతపూర్ కు జానా’ అంటుంది, అనంతపురానికి పోవల్ల అన్నట్టుగా. హిందీకి అక్కడా ‘కో’ అక్కరలేదు. అయితే ‘కు’ అనే రూపాన్ని కూడా దక్కనీ తెలుగు నుంచే తీసుకుందని కొందరనేది తొందరపాటు. పాత దక్కనీ రచనల్లో ‘కూఁ’ ఉంది, అది ఉత్తరాది నుంచి వెంట తెచ్చుకున్నదే. తెచ్చుకున్నదాన్ని ఇక్కడి కొలతకు కోసుకున్నారు.

విడిపోయే చోట్లలో ‘సే’ మొదటిది. కత్తితో, ఊరి నుంచి, నాకంటే, నా చేత: తెలుగు నాలుగు ప్రత్యయాలు పెట్టే చోట హిందీకి ఒక్క ‘సే’. నాలుగు ఒకటైనప్పుడు నేర్చుకోవడం తేలికే గదా అనిపిస్తుంది. చిక్కు వేరే ఉంది. ‘అతన్ని అడుగు’ అనాలంటే ‘ఉస్ సే పూఛో’, ‘అతనికి చెప్పు’ అనాలంటే ‘ఉస్ సే కహో’. మన ని, కి రెండూ పోయి రెండు చోట్లా ‘సే’ వస్తుంది. తెలుగు పిల్లవాడు ‘ఉస్ కో పూఛో’ అంటాడు, దక్కనీ వాళ్ళు ‘ఉస్ కు పూఛో’ అంటారు, ఇద్దరి లెక్కా ఒకటే.

రాతలోనూ ఒక తేడా ఉంది. తెలుగులో ప్రత్యయం నామాన్ని అంటుకునే రాస్తాం, రాముడికి, సీతతో. హిందీలో నామం తర్వాత విడిగా, సర్వనామం తర్వాత కలిపి రాయాలి: ‘రామ్ కో’ రెండు మాటలు, ‘ఉస్‌కో’ ఒకటి. విడిగా రాయాలా కలిపి రాయాలా అని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హిందీ పండితులు పెద్ద పోట్లాటే పడ్డారు. కలపాలని గోవిందనారాయణ మిశ్ర ‘విభక్తి విచార్’ రాశాడు. చివరికి నామానికొకటి సర్వనామానికొకటి అని రాజీపడ్డారు. కేంద్ర హిందీ నిదేశాలయం ఖాయం చేసిందీ అదే. రాజీ అయితే కుదిరింది గానీ, దాని భారం పరీక్ష రాసేవాళ్ళ మీద పడింది.

‘నే’ మినహాయింపులు కూడా అలాంటివే. లానా, భూల్‌నా, బోల్‌నా సకర్మకంగా కనిపించినా ‘నే’ తీసుకోవు. ‘వహ్ పానీ లాయా’, ‘ఉస్ నే లాయా’ కాదు. ‘లే ఆనా’ కలిసి లానా అయింది, ఆనా అకర్మకం, అందుకని. కారణం చెబితే పిల్లలు మర్చిపోరు. చెప్పకుండా జాబితా ఇస్తే పరీక్ష రోజు దాకా కూడా గుర్తుండదు.

కరువుకు బెంగళూరు పోయిన కదిరి, ముదిగుబ్బ కూలీలు ఏ వాచకమూ లేకుండా హిందీ పట్టుకుంటారు. వాళ్ళు ముందు పట్టేది ‘కో’, తర్వాత ‘సే’, ‘మే’. ‘నే’ చాలామందికి ఎప్పటికీ రాదు, పని ఆగదు. బడి మాత్రం ఆరో తరగతి నుంచే భూతకాలం పేరుతో ‘నే’ను నెత్తిన పెడుతుంది. ఈ వరుస తిరగబడాలన్నది నా అభిప్రాయం. నాకు దప్పికైతాంది, బోరు ఏసినాడు, నా తావ దుడ్డు లేదు: పిల్లల నోట్లో ఉన్న ఈ వాక్యాల మీద నుంచి హిందీ మొదలుపెడితే సగం విభక్తులు నేర్పకుండానే వస్తాయి. ‘నే’ను పదో తరగతికి వదిలి, అప్పుడు ఎర్రగుడి దాకా తీసుకుపోయి బండ మీది ఆ ‘ఏన’ను, ఆ స్త్రీలింగ క్రియను చూపిస్తే మాట రూపం అక్కణ్ణుంచి రాకపోయినా, వాక్యం కట్టు ఎక్కడిదో ఒక పూటలో తేలిపోతుంది. గుత్తి నుంచి ఎక్కువ దూరం కూడా కాదు.

హిందీ పండితులకు ఒక విన్నపం. మీ తరగతిలో దక్కనీ మాట్లాడే పిల్లలుంటే ‘మై రోటీ ఖాయా’ను ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకోకండి. వాళ్ళ అవ్వ ‘కనే’ను, ‘కు’ను ఎక్కడెక్కడ ఎలా అంటుందో ఒక నోటుపుస్తకంలో రాసి తెమ్మనండి. తండా పిల్లల చేతా అదే రాయించండి. హిందీ ఎం.ఏ. చదివేవాళ్ళు ప్రాజెక్టు కోసం ఢిల్లీ కవుల మీద మరో వ్యాసం రాసే కంటే కదిరి, గుత్తి, హిందూపురం వీధుల్లోని విభక్తులను పోగుచేయడం మేలు. ఆ మాటలు ఆడే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, పని మొదలుపెట్టాల్సింది ఇప్పుడే.